పాత క్యారవాన్ బండిలో పెట్టెలో బిగించిన టీవీని విప్పి కొత్తది పెట్టడం: మొదటి స్క్రూ నుంచి ట్రయల్ దాకా

పూరీకో, అరసవల్లికో, చైత్ర మంగళవారాల్లో తారాతారిణికో ఇంటిల్లిపాదీ కదిలే కుటుంబాలకు సొంత క్యారవాన్ బండి ఉంటే ఆ సుఖమే వేరు. పాత మినీబస్సు కొని, సీట్లు పీకించి, బెర్తులూ వంటగట్టూ కట్టించుకున్న బండి అయితే అందులో టీవీ కూడా ఉండే ఉంటుంది. సాధారణంగా డ్రైవరు వెనక అడ్డగోడకు పైన ప్లైవుడ్ పెట్టె, దానికి చుట్టూ సన్‌మైకా, అంచులకు అల్యూమినియం బీడింగ్, మధ్యలో టీవీ. ఇంజను ఇంకా పదేళ్లు తిరిగేలా ఉంటుంది. టీవీ మాత్రం ఒక రోజు శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. లేదా అసలు వెలగదు.

మన బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ దాకా ఈ పని చేసిపెట్టే చేతులకు కొదవలేదు. కానీ చాలామంది నోట ముందుగా వచ్చే మాట "పెట్టె కోసేద్దాం బాబూ" అని. ఒప్పుకోకండి. కోయకుండా విప్పే దారి ఆ పెట్టెలోనే ఉంటుంది. దాన్ని కట్టిన వడ్రంగి టీవీని లోపల కూర్చోబెట్టాకే ముందు భాగం మూశాడు. అంటే అతను ఆఖరున బిగించిన స్క్రూ ఒకటి ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకుంటే మిగతావన్నీ వరసగా వస్తాయి. పనిలో సగం అదే. మిగతా సగం కరెంటు.

ముందు కరెంటు తీయండి, గ్యాసు కట్టేయండి

ఇలాంటి బండిలో టీవీ పెట్టెలోకి కరెంటు మూడు దారుల్లో రావచ్చు. బండి బ్యాటరీ నుంచి నేరుగా ఒకటి, ఇన్వర్టర్ నుంచి 230 వోల్టులు రెండోది, బండి ఆపిన చోట బయటి ప్లగ్గుకు తగిలించే తీగ మూడోది. మూడూ తీసేయాలి. బయటి ప్లగ్గు పీకండి, ఇన్వర్టర్ స్విచ్ ఆపండి, తర్వాత బ్యాటరీ దగ్గర నల్ల తీగను, అంటే నెగెటివ్‌ను ముందు విప్పండి. పాజిటివ్‌ను ముందు విప్పితే స్పానర్ పొరపాటున బాడీ ఇనుముకు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. నెగెటివ్ ముందు పోతే ఆ భయం ఉండదు. తిరిగి బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున.

వంట ఉన్న బండి కాబట్టి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, కాసేపు గాలి ఆడనివ్వండి. ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే నేల మీదనే పరుచుకుని ఉంటుంది. బెర్తు కింద బ్యాటరీ, పక్క అరలో సిలిండర్ ఉన్న బళ్లలో ఈ జాగ్రత్త దాటవేయకూడదు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్లు పొడవుదొకటి పొట్టిదొకటి, పలచటి పుట్టీ కత్తి, మల్టీమీటర్, డ్రిల్లు, టార్చి, టేపు కొలబద్ద, మార్కర్ పెన్ను, కాగితపు టేపు, ఒక గట్టి అయస్కాంతం. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతమైనా సరిపోతుంది. తోడుగా ఇంకొకరు ఉండాలి. పెట్టెలో ఉన్నది లావు వీపున్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే ఒంటరిగా ఆ పని తలపెట్టనే వద్దు.

ఆఖరి స్క్రూ వేట

పెట్టె ముందు నిలబడి ముందుగా చుట్టూ చూడండి. చుట్టుచట్రం ఒకే ముక్కా, నాలుగు ముక్కలా? మూలల్లో కీళ్లు 45 డిగ్రీల కోతతో కలిశాయా, ఒకదాని మీద ఒకటి ఆనుకున్నాయా? ఆనుకున్నవైతే పైకి ఆనిన ముక్క తర్వాత వేసినది. విప్పడం అక్కడ మొదలవుతుంది.

స్క్రూ తలలు పైకి కనిపిస్తే అదృష్టం. ఎక్కువ బళ్లలో కనిపించవు. వాటి మీద పుట్టీ రాసి రంగేసి ఉంటారు, లేదా బీడింగ్ కింద దాచి ఉంటారు. ఇక్కడే అయస్కాంతం పనికొస్తుంది. సన్‌మైకా గీసుకుపోకుండా అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి, చట్రం మీద మెల్లగా జరపండి. కొంతదూరం జారుతూ పోయి ఒక చోట టక్కుమని చిన్నగా లాగుతుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టండి. నాలుగు వైపులా తిరిగేసరికి చుక్కలు ఒక వరసలో పడతాయి. సమానమైన ఎడంతో ఉన్నవి చట్రాన్ని పెట్టెకు పట్టి ఉంచిన స్క్రూలు. వరస తప్పి మూలల్లో దగ్గరదగ్గరగా ఉన్నవి పెట్టెను పెట్టెగా నిలబెట్టినవి, వాటి జోలికి వెళ్లొద్దు. ఇత్తడి స్క్రూలకు అయస్కాంతం పలకదు. అప్పుడు టార్చిని చట్రానికి ఆనించి పక్కవాటంగా వెలుగు వేయండి. పుట్టీ కూరిన చోట చిన్న గుంతో, బొడిపో నీడగా తేలుతుంది.

అల్యూమినియం బీడింగ్‌ను మేకులతోనో, రివెట్లతోనో, ఒట్టి గమ్ముతోనో పట్టించి ఉంటారు. పుట్టీ కత్తిని ఒక చివర నుంచి దూర్చి వేలెడు వేలెడు దూరంలో లేపుకుంటూ పోవాలి. ఒకే చోట ఎత్తితే బీడింగ్ వంగుతుంది, వంగినది మళ్లీ తిన్నగా కూర్చోదు. గమ్ము మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. రివెట్ అయితే దాని తలను 5 మి.మీ. బిట్‌తో తొలిస్తే చాలు, మిగతా ముక్క వెనక్కి పడిపోతుంది. బాడీ షెడ్లలో ఎక్కువగా వాడే 4.8 మి.మీ. రివెట్‌కు ఆ బిట్టు సరిగ్గా సరిపోతుంది.

ముందు నుంచి ఏమీ దొరకకపోతే మూడు చోట్ల వెతకండి. పక్క బట్టల అరలో చెయ్యి పెట్టి టీవీ వైపు పలకను తట్టండి, బోలుగా మోగితే అది విడిగా వేసిన పలక. డ్రైవరు క్యాబిన్ వైపు నుంచి అడ్డగోడ రెగ్జిన్ అంచు చూడండి, అక్కడ తలుపులాంటి పలక ఉండొచ్చు. పెట్టె అడుగున కింద నుంచి చూడండి, టీవీ కూర్చున్న బల్లను పెద్ద బోల్టులతో పట్టించిన చోటు అదే. అమెరికాలో 1990ల్లో కట్టిన మోటార్‌హోముల్లోనూ సంగతి ఇంతే. టీవీ విండ్‌షీల్డ్ పైనున్న అల్మారాలో ఉంటుంది, ముందు చట్రం తీస్తేనో పక్క అర లోపలి పలక తీస్తేనో వెనకభాగం చేతికందుతుంది. దేశం ఏదైనా వడ్రంగి తర్కం ఒకటే.

విప్పిన ప్రతి ముక్క వెనక కాగితపు టేపు అంటించి "పైన", "ఎడమ" అని రాయండి. స్క్రూలను ఆ ముక్కకే టేపుతో అంటించేయండి. పొడవు తేడా ఉన్న స్క్రూలు కలగాపులగం అయితే, తిరిగి బిగించేటప్పుడు పొడవుది సన్నపలకను దాటుకుని అవతలి తీగలోకి దిగుతుంది.

గోపాల్‌పూర్ తీరంలో ఎక్కువగా నిలిపే బండి అయితే స్క్రూలు ఉప్పుగాలికి తుప్పుపట్టి పెచ్చులుగా ఉంటాయి. బలంతో తిప్పితే తల అరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె చుక్క వేసి అరగంట ఆగండి. ఆ తర్వాత ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, కదిలిందనిపించాక వదులు చేయండి.

పాత టీవీని దించడం

చట్రం వచ్చాక తొందరపడి టీవీని ముందుకు లాగకండి. వెనక తీగలు పొట్టిగా వదిలి ఉంటారు. ఫోన్ కెమెరాను సందులోంచి లోపలికి పెట్టి వెనకభాగం ఫొటోలు తీయండి. ఏ తీగ ఎక్కడికి పోతోందో, టీవీని పట్టుకున్న ఇనుప పట్టీ ఎక్కడ బిగించి ఉందో అందులో తేలుతుంది. పట్టీ విప్పి, టీవీని జానెడు ముందుకు జరిపి, తీగలకు టేపు గుర్తులు వేసి, అప్పుడు వదిలించండి. తాకే ముందు ప్రతి తీగనూ మల్టీమీటర్‌తో చూడండి, ఒకసారి డీసీలో, ఒకసారి ఏసీలో.

పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే ఇక్కడ నిజమైన ప్రమాదం ఉంది. ఆ ట్యూబ్ లోపల పని చేసే వోల్టేజి ఇరవై వేలు దాటుతుంది. ప్లగ్గు పీకాక కూడా ఆ విద్యుత్తు గాజులోనే నిలిచి ఉండొచ్చు. అందుకే వెనక ప్లాస్టిక్ మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, మూతతో సహా టీవీని మొత్తంగా దించండి. పెట్టెలో పట్టించడానికి ఎవరైనా గతంలో ఆ మూత తీసేసి ఉంటే చెయ్యి పెట్టొద్దు. ట్యూబ్‌ను డిస్‌ఛార్జ్ చేయడం తెలిసిన పాతతరం టీవీ మెకానిక్‌ను పిలిపించండి. 21 అంగుళాల ట్యూబ్ టీవీ ఇరవై కిలోలు దాటి తూగుతుంది, ఆ బరువంతా ముందు గాజు వైపే ఉంటుంది. కాబట్టి గాజు మీ ఛాతీకి ఆనేలా పట్టుకుని, ఇద్దరూ చెరో వైపు అడుగున చెయ్యేసి దించాలి. వెనక సన్నటి మెడ దేనికైనా తగిలితే ట్యూబ్ పగులుతుంది. లోపల గాలి లేదు కనుక గాజు ముందు లోపలికి కూలి, ఆ వెంటనే బయటికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, కాళ్లకు బూట్లు వేసుకోండి, పిల్లల్ని బండి దిగి దూరంగా ఉండమనండి.

ఆ టీవీని పాత ఇనుము బండికి వేయకండి. రాగి తీగ కోసం ట్యూబ్ మెడ విరగ్గొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది. తొలితరం ఎల్‌సీడీ టీవీల్లో తెర వెనక వెలిగే సన్నటి ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2022 ప్రకారం, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఇలాంటివి నమోదైన రీసైక్లర్లకే చేరాలి. కొత్త టీవీ కొనే దుకాణంలో పాతది ఎక్స్‌ఛేంజ్ కింద తీసుకుంటారేమో అడగండి. పని సులువుగా తెమిలే దారి అది.

ఖాళీ పెట్టె కొలతలు, టీవీ ఎంపిక

ఇప్పుడు ఖాళీ పెట్టె కొలవండి. వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి వాటిలో తక్కువదే లెక్కలోకి తీసుకోండి. గతుకుల్లో తిరిగిన పెట్టె నాలుగు మూలలూ సమంగా ఉండవు. ఎత్తు కూడా అంతే.

21 అంగుళాల పాత టీవీ కూర్చున్న గూడు సుమారు 60 సెం.మీ. వెడల్పు, 48 సెం.మీ. ఎత్తు ఉంటుంది. దుకాణంలో చెప్పే అంగుళాలు తెర ఐమూల కొలత మాత్రమే. 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ తెర 53 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు, అంచులతో కలిపి 55, 33 దాకా వస్తుంది. ఆ గూట్లో హాయిగా పడుతుంది, ఎత్తులో 15 సెం.మీ. దాకా ఖాళీ మిగులుతుంది. 32 అంగుళాలది అంచులతో 72, 73 సెం.మీ. వెడల్పు, పట్టదు. దాని కోసం పెట్టె కోయాలన్న ఆశ అప్పుడే పుడుతుంది. బెర్తు మీద పడుకుని చూసేవాళ్లకు తెర మీటరున్నర దూరంలో ఉంటుంది, ఆ దూరానికి 24 చాలు.

సైజు కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. మొదటిది తెర రకం. బండిలో టీవీ తల పైన ఉంటుంది, చూసేవాళ్లు కింద నుంచో పక్క నుంచో చూస్తారు. ఐపీఎస్ ప్యానెల్ అయితే ఏ వైపు నుంచి చూసినా రంగులు నిలుస్తాయి. వీఏ రకానికి ఎదురుగా చూస్తే నలుపు చక్కగా ఉంటుంది కానీ పక్క నుంచి వెలిసిపోతుంది. చవకరకం టీఎన్ ప్యానెల్ కింద నుంచి చూస్తే మొహాలు నల్లబడతాయి. దుకాణంలో టీవీ వెలిగించి, కింద కూర్చుని చూశాకే కొనండి.

రెండోది, ఈ పనికి ప్రాణం లాంటిది, కరెంటు ఎలా తీసుకుంటుందన్నది. కొన్ని చిన్న టీవీలకు బయట అడాప్టర్ ఉంటుంది. ఆ అడాప్టర్ మీద "అవుట్‌పుట్ 12 వోల్టులు, 3 ఆంపియర్లు" అని ఉంటే అదే మీ టీవీ. 19 వోల్టులని ఉంటే ఇంకో కన్వర్టర్ కావాలి. తీగ నేరుగా టీవీలోకే పోతే అది 230 వోల్టులది, ఇన్వర్టర్ తప్పదు. ఇన్వర్టర్‌తో నడపడం తప్పేం కాదు. కానీ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే అది కొంత కరెంటు తింటుంది, మార్పిడిలో మరికొంత పోతుంది. ఆ దారే పట్టాల్సి వస్తే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ తీసుకోండి.

12 వోల్టులా, 24 వోల్టులా?

పాత బళ్లలో కొత్త టీవీలు కాలిపోయేది ఇక్కడే. టాటా 407 లాంటి బళ్లలో 12 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. పెద్ద బస్సు ఛాసిస్ మీద కట్టిన బండిలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. మాట మీద నమ్మకండి, టీవీ పెట్టెలోకి వచ్చే తీగ దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. అందుకోసం బ్యాటరీ తీగ కాసేపు తగిలించి, కొలిచాక మళ్లీ తీసేయండి. ఇంజను ఆగి ఉండగా 12.6 చుట్టూ వస్తే మొదటి రకం, 25 దాటితే రెండోది.

24 వోల్టుల బండిలో ఒక అడ్డదారి ఉంది, చాలాచోట్ల చేసేది అదే. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాక్కుంటారు. టీవీ వెలుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ బ్యాటరీ ఒక్కటే రోజూ కాస్త కాస్త ఖాళీ అవుతూ పోతుంది. ఆల్టర్నేటర్‌కు మాత్రం రెండూ కలిపే కనిపిస్తాయి, రెండింటినీ ఒకే లెక్కన ఛార్జ్ చేస్తుంది. ఒకటి ఎప్పుడూ అరకొరగా, రెండోది మోతాదు మించి. కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి, తప్పు బ్యాటరీ కంపెనీ మీదకు పోతుంది. మీ బండిలో ఇలాంటి తీగ కనిపిస్తే ఈ పనిలోనే తీసేయించండి. 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్, 10 ఆంపియర్లది, రెండు బ్యాటరీల మొత్తం మీద పెట్టండి.

12 వోల్టుల బండిలోనూ టీవీని నేరుగా తగిలించకూడదు. ఇంజను స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజి 10కి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. నడుస్తున్నప్పుడు 14.4 దాకా లేస్తుంది. అడాప్టర్ నుంచి నిలకడగా 12 వస్తుందని నమ్మి తయారుచేసిన టీవీకి ఆ ఊగిసలాట పడదు. 9 నుంచి 18 వోల్టుల మధ్య ఏది వచ్చినా సరిగ్గా 12 ఇచ్చే స్టెబిలైజర్ మాడ్యూల్ మధ్యలో పెట్టండి, 5 ఆంపియర్లది చాలు.

తీగ విషయంలో పిసినారితనం పనికిరాదు. 24 అంగుళాల టీవీ 30 వాట్ల లోపే తింటుంది, అంటే 12 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు. బ్యాటరీ నుంచి పెట్టెకు ఆరు మీటర్లనుకుంటే పోనూ రానూ పన్నెండు. 1 చదరపు మి.మీ. రాగి తీగతో 3 ఆంపియర్లకు దారిలోనే 0.65 వోల్టు పోతుంది. 2.5 చదరపు మి.మీ. తీగతో పావు వోల్టు పైన కొంచెం, అంతే. రెండోదే వేయండి. ఇంటికి వాడే ఒంటి పోగు గట్టి తీగ వద్దు, బండి అదురుకు అది లోపలే విరుగుతుంది. సన్నటి పోగులెన్నో ఉన్న ఆటో తీగ కావాలి. నెగెటివ్‌ను బాడీ ఇనుముకు కలిపి వదిలేయకుండా అదీ బ్యాటరీ దాకా విడిగా లాగండి. సముద్రం దగ్గర తిరిగే బండిలో బాడీ ఎర్తింగ్‌కు తుప్పు పట్టడం ఖాయం.

బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. సెట్‌టాప్ బాక్సు కూడా ఇదే తీగ మీద ఉంటే 7.5. ఫ్యూజు టీవీ పక్కన పెడితే, దారిలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. తీగ ఇనుప పలకలోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, అంటే తీగ ఒరుసుకోకుండా రంధ్రానికి తొడిగే వలయం, ఉండాలి. కీళ్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టకండి. మన ఎండలకు రేకు కింద ఆ టేపు జిగురు కారి ఊడుతుంది. తీగ చివర్లకు లగ్గులు, అంటే లోహపు కొసలు, నొక్కి, వాటి మీద వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం వేయండి.

ఎంతసేపు చూడొచ్చు? నాలుగు గంటలు నడిపితే సుమారు 10 ఆంపియర్ అవర్లు. ఇంటి అవసరాలకు విడిగా 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే, అందులో సగమే వాడుకోవాలనుకున్నా, ఇదేం భారం కాదు. స్టార్టింగ్ బ్యాటరీ మీద మాత్రం ఇంజను ఆపి ఎక్కువసేపు టీవీ నడపకండి. దారింగ్‌బాడీ ఘాట్‌లో పొద్దున్నే సెల్ఫ్ తిరగకపోతే తోసేవాళ్లు కూడా దొరకరు.

బిగింపు

టీవీ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలుంటాయి, వాటి ఎడాన్ని వెసా కొలత అంటారు. చిన్న టీవీల్లో సాధారణంగా 75 మి.మీ. లేదా 100 మి.మీ. చదరం, స్క్రూలు ఎం4. కొన్నింటిలో 200కు 100 కూడా ఉంటుంది. స్క్రూ పొడవు ఊహించకండి. అగ్గిపుల్లను రంధ్రంలోకి దూర్చి లోతు గుర్తు పెట్టుకోండి, దానికి బ్రాకెట్ మందం కలపండి, అంతకంటే ఒక మిల్లీమీటరు తక్కువ స్క్రూ కొనండి. పొడవు ఎక్కువైతే లోపల తెరకే గుచ్చుకుంటుంది.

ఇళ్లల్లో గోడకు వాడే, బయటికి లాగి తిప్పుకునే చేతి బ్రాకెట్ బండికి పనికిరాదు. నాలుగు కిలోల టీవీ గుంతలో పడ్డప్పుడు నాలుగు కిలోలుగా ఉండదు. ఆ చేయి ఎంత పొడవుంటే కుదుపు అంతకు పెరుగుతుంది. పలక పలకకు ఆనుకునే బ్రాకెట్ మేలు.

నేను ఇష్టపడే పద్ధతి ఇది. పాత గూటి నోటికి సరిపోయే 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ పలక కోయించండి. మామూలు ప్లై ఒక వానాకాలానికి ఉబ్బుతుంది. పలక పై అంచుకు పొడవునా పియానో హింజ్, అంటే ఒకే పొడవాటి మడతబందు, వేసి గూటికి బిగించండి. టీవీ బ్రాకెట్‌ను ఆ పలకకు బిగించండి. చెక్క స్క్రూలతో కాదు, బోల్టులు దూర్చి, పలక వెనక వెడల్పు వాషర్లు వేసి, నైలాన్ నట్లతో, అవి అదురుకు వదులవవు. పలక కింది అంచును రెండు వైపులా గట్టి గడియలతో పట్టించండి. గడియలు తీస్తే టీవీ పలక తలుపులా పైకి లేస్తుంది, వెనక మొత్తం చేతికందుతుంది. ఇంకోసారి టీవీ మార్చాల్సి వచ్చినప్పుడు ఎవరూ అయస్కాంతం పట్టుకుని తిరగక్కర్లేదు. హింజ్‌ను మాత్రం ఒట్టి ప్లైకి కాకుండా బాడీ చదరపు గొట్టం దాకా పోయే బోల్టులతో పట్టించాలి. పలక కింది అంచు లోపలికి జరిగి ఉండేలా కొద్దిగా వాలు ఇస్తే తెర బెర్తు వైపు తిరుగుతుంది, పది పదిహేను డిగ్రీలు చాలు. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

వెనక మిగిలే ఖాళీ 40 సెం.మీ. దాకా ఉంటుంది. అక్కడ దుప్పట్లు కుక్కాలనిపిస్తుంది. వద్దు, కన్వర్టర్‌కు గాలి కావాలి. పెట్టె కింది వైపు నాలుగు రంధ్రాలు, పై వైపు నాలుగు రంధ్రాలు వేయించి, పురుగులు దూరకుండా సన్నటి జాలీ కొట్టించండి. వేడి గాలి పైకి పోయి, చల్లగాలి కింద నుంచి వస్తుంది. ఈ టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి, పెట్టెలో గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. చిన్న స్పీకరు ఒకటి బయట పెడితే మాటలు తేటగా వినపడతాయి.

డ్రైవరు కంటికి కనిపించే చోట టీవీ ఉంటే, బండి నడుస్తున్నంతసేపూ ఆరిపోయేలా ఇగ్నిషన్‌తో కలిపి రిలే, అంటే దానంతటదే ఆపే స్విచ్, పెట్టించండి. ఇది మాత్రం తప్పనిసరి అనుకోండి.

సిగ్నల్

పాత బండి కప్పు మీద యాంటెన్నా ఉంటే దాని కాలం అయిపోయింది. దూరదర్శన్ గాలిలో పంపే పాత అనలాగ్ ప్రసారాలను చాలామటుకు 2022 మార్చి నాటికి ఆపేసింది. యాంటెన్నా తీసేస్తే కప్పులో రంధ్రం మిగులుతుంది. దాన్ని అల్యూమినియం ముక్కతో మూసి, చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ వేయండి. తీసేయకపోయినా దాని బూస్టర్ కరెంటు ఆపండి, ఆ తీగ కొత్త టీవీకి తగిలించకండి.

నెలనెలా డబ్బు కట్టకుండా తెలుగూ ఒడియా రెండూ రావాలంటే డీడీ ఫ్రీ డిష్. 60 సెం.మీ. డిష్, ఒక బాక్సు. డిష్‌ను కప్పు మీద శాశ్వతంగా బిగించకుండా, మడత స్టాండ్ మీద నేల మీద పెట్టుకోవడం మేలు. బండి నీడలో ఉంటుంది, డిష్ ఎండలో ఉంటుంది. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. బరంపురం, గోపాల్‌పూర్ ప్రాంతం నుంచి చూస్తే అది దక్షిణానికి కాస్త తూర్పుగా, దిక్సూచి మీద 155 డిగ్రీల చుట్టూ, నేల నుంచి 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత నిటారుగా చూస్తుంది కనుక దూరంగా ఉన్న కొబ్బరిచెట్లు అడ్డు కావు, నెత్తిన ఉన్న మామిడి కొమ్మ అడ్డవుతుంది. ఫోన్‌లో దిక్సూచి పట్టుకునేటప్పుడు బండి ఇనుముకు నాలుగడుగులు దూరం జరగండి.

డిష్ నుంచి బాక్సుకు ఆర్‌జీ6 కేబుల్ వేయండి. పాత యాంటెన్నా కేబుల్‌ను మళ్లీ వాడొద్దు. రాగి పచ్చగా మారి ఉంటే లోపల తేమ దిగినట్టే. చాలా ఫ్రీ డిష్ బాక్సుల అడాప్టర్ కూడా 12 వోల్టులదే, కాబట్టి టీవీకి పెట్టిన కన్వర్టర్ నుంచే దానికీ ఇవ్వొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో స్మార్ట్ టీవీ నడపాలనుకునేవాళ్లు, కొండదారుల్లో సిగ్నల్ పోయే చోట్ల కోసం ఒక పెన్‌డ్రైవ్ నింపి ఉంచుకోండి.

మూసే ముందు

చట్రం బిగించకుండానే బ్యాటరీ కలిపి వెలిగించండి. ఇగ్నిషన్ రిలే పెట్టించి ఉంటే ఈ పరీక్ష అయ్యేదాకా దాన్ని కలపకండి. కన్వర్టర్ లేదా స్టెబిలైజర్ అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ తగిలించి ఉంచి, టీవీ ఫుల్ వెలుతురు, ఫుల్ శబ్దంతో నడుస్తుండగా ఇంజను స్టార్ట్ చేయించండి. అంకె 12 దగ్గరే నిలబడాలి. టీవీ ఆరిపోయి మళ్లీ వెలిగితే ఆ మాడ్యూల్ సరిపోలేదు, మార్చండి. అరగంట నడిచాక కన్వర్టర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే ఇంకా పెద్దది కావాలి. ఫ్యూజు దగ్గర, ప్రతి లగ్గు దగ్గర కూడా వేలు పెట్టి చూడండి. ఒక్కచోటే వేడెక్కితే ఆ నొక్కుడు సరిగ్గా పడలేదు.

అన్నీ సరిగ్గా ఉంటే విప్పిన వరసకు తిరగేసి బిగించండి. దాచిన స్క్రూల మీద మళ్లీ పుట్టీ కూరకండి, తలలు ఎక్కడున్నాయో తెలిసేలా ప్లాస్టిక్ మూతలు పెట్టండి. గడియల పక్కన, పెట్టె లోపలి వైపు, ఒక కాగితం అంటించండి: తీగ మందం, ఫ్యూజు ఎంతది, ఎక్కడుంది, కన్వర్టర్ రకం, బిగించిన తేదీ.

మొదటి ట్రయల్‌కు హైవే ఎంచుకోవద్దు. తప్తపాణి వైపు కొండదారో, మీ ఊరి గతుకుల రోడ్డో చూసుకుని గంటసేపు తిప్పండి. వెనక కూర్చున్నవాళ్లు పెట్టె వైపు చెవి పెట్టాలి. కిర్రుమని శబ్దం వస్తే హింజ్, టకటకలాడితే గడియ, సన్నగా గలగలమంటే లోపల కట్టని తీగ. తిరిగొచ్చాక పలక లేపి, నట్లన్నీ ఒకసారి స్పానర్‌తో పట్టి చూడండి. పూరీ లాంటి పెద్ద ప్రయాణం తర్వాత ఇంకోసారి చూడండి, ఆపైన ఏడాదికోసారి, వానాకాలం వెళ్లాక.